ఎంజీబీకి వెనక డిస్కులెందుకు? ఉన్న డ్రమ్ములే బాగుచేయండి

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ చేతికి రాగానే చాలామందికి పుట్టే బుద్ధి, వెనక డ్రమ్ము బ్రేకులు పీకేసి డిస్కు బ్రేకులు వేయించడం. వద్దంటాను. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైన ఈ కారుకి ముందు డిస్కులు, వెనక 10 అంగుళాల డ్రమ్ములు. బ్రేక్ గట్టిగా తొక్కితే బరువంతా ముందుకి వాలుతుంది. నిలబడ్డప్పుడు దాదాపు సగం బరువు మోసే వెనక చక్రాల మీద అప్పుడు మూడో వంతు మిగిలితే గొప్ప. అక్కడ బలం పెంచితే వెనక చక్రాలు ముందే పట్టేసి కారు తోక తిప్పేస్తుంది. డ్రమ్ములు సరిగా పనిచేస్తే చాలు. చాలా కార్లలో అవి సగమే పనిచేస్తుంటాయి.

హ్యాండ్‌బ్రేక్ దించాలి కాబట్టి ముందు చక్రాలకి రెండువైపులా అడ్డం పెట్టండి. యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాలి, జాకీని నమ్మొద్దు. డ్రమ్ము లోపల ఆనే బ్రేకు షూల ఎడం సర్దే అడ్జస్టర్‌ని పూర్తిగా వదులు చేస్తేనే డ్రమ్ము ఊడుతుంది. మామూలు చక్రాలైతే డ్రమ్ముకి రెండు స్క్రూలు, స్పోకుల చక్రాలైతే నాలుగు నట్లు. లోపలి దుమ్ముని గాలితో ఊదొద్దు, షూల మీది పాత లైనింగుల్లో (రాపిడి పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి. స్ప్రింగులు విప్పేముందు ఫోటో తీసుకోండి.

లోపల తడి కనిపిస్తే అదేమిటో తేల్చుకోవాలి. గంధకం కంపు కొడుతూ జిడ్డుగా ఉంటే యాక్సిల్ ఆయిల్. పలచగా ఉండి బ్యాక్ ప్లేట్ (షూలు బిగించి ఉండే వెనక రేకు) మీద పెయింట్ ఉబ్బి ఊడుతుంటే బ్రేక్ ఆయిల్, అంటే షూలని తోసే వీల్ సిలిండర్ కారుతోంది. యాక్సిల్ ఆయిలైతే సీలు మార్చేముందు యాక్సిల్ మీది బ్రీదర్ (గాలి పోయే చిన్న రంధ్రం) చూడండి. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలికి దారిలేక ఆయిల్‌ని సీలులోంచి తోస్తుంది. కొత్త సీలు కూడా నెలలో కారుతుంది. ట్యూబ్ యాక్సిల్ (తర్వాత వచ్చిన రకం) కార్లలో సీలు మార్చాక హబ్ నట్టు 150 పౌండ్-అడుగుల బిగువు, కొత్త స్ప్లిట్ పిన్ తప్పనిసరి. ఆయిల్ తాగిన షూలు ఎంత కడిగినా బాగుపడవు. రెండు చక్రాలవీ కలిపే మార్చాలి.

వీల్ సిలిండర్ కొనేముందు పాతదాని బోరు (లోపలి వ్యాసం) కొలవండి. బలం బోరు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది: 0.75 అంగుళాల చోట 0.80 వేస్తే దాదాపు 14 శాతం పెరుగుతుంది, మళ్లీ వెనక చక్రాలు పట్టేసే గొడవే. సిలిండర్‌ని బ్యాక్ ప్లేట్‌కి పట్టి ఉంచే క్లిప్పు ఓపికకి పరీక్ష. స్క్రూడ్రైవర్లతో కుస్తీ పడితే క్లిప్పు వంగుతుంది, వేళ్లు చీరుకుంటాయి. సిలిండర్‌ని ముందువైపు నుంచి క్లాంపుతో బిగించి, వెనక క్లిప్పు ఆనించి, దాని మీద 1 1/8 అంగుళాల సాకెట్ పెట్టి సమంగా నొక్కితే టక్కున కూర్చుంటుంది.

యాక్సిల్‌కి వెళ్లే రబ్బరు హోసు ఒక్కటే. పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బిపోతుంది. పెడల్ తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే తిరిగి రాదు, బ్రేకులు రాసుకుంటూనే ఉంటాయి. అనుమానించక్కర్లేదు, మార్చేయండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోసి గొట్టాల్లోని గాలి తీయండి. అందులో సిలికాన్ డాట్ 5 కలపొద్దు.

ఎక్కువమంది తప్పేది సెట్టింగులో. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ముందు వదులు చేయాలి. కేబుల్ బిగువుగా ఉంటే షూలు సగం తెరుచుకునే ఉంటాయి, అడ్జస్టర్ అబద్ధం చెబుతుంది. అడ్జస్టర్ చదరపు తలకి సరిపోయే పానాతోనే తిప్పండి, రెంచి పెడితే మూలలు అరుగుతాయి. చక్రం పట్టేసేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా ఒక్కో నొక్కు వెనక్కి తిప్పండి. పెడల్ రెండుమూడుసార్లు గట్టిగా తొక్కితే షూలు మధ్యకి సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ చూడండి. కేబుల్ బిగించడం ఆఖర్న.

ఓ పది కిలోమీటర్లు తోలి ఆపి, రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే అటువైపు ఒక నొక్కు వదులు చేయాలి.