గై గిబ్సన్ మరణం గురించి కాగితాల్లో వెతికాను: నా అనుభవం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఆనకట్టలపై బాంబులు వేసిన బ్రిటిష్ వైమానిక దళం ‘డాంబస్టర్స్’కు నాయకుడిగా పేరుపొందిన వింగ్ కమాండర్ గై గిబ్సన్ మన సిమ్లాలో పుట్టాడని తెలిసిన తరువాత, అతని మీద తెలుగులో ఒక వ్యాసం రాయాలనిపించింది. తండ్రి అటవీశాఖ అధికారి. 1918 ఆగస్టు 12న పుట్టిన ఆ బాలుడు 1944 సెప్టెంబరు 19 రాత్రి, 26 ఏళ్ల వయసులో, నెదర్లాండ్స్‌లోని స్టీన్‌బర్గెన్ వద్ద విమానం కూలి మరణించాడు. లండన్‌లో ఉంటున్నాను గనుక ఆ నగరంలోనే క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు, అంటే ప్రభుత్వ పాత దస్తావేజుల భాండాగారానికి, వెళ్లడం కష్టం కాలేదు.

రాయల్ ఎయిర్ ఫోర్స్ (బ్రిటిష్ వైమానిక దళం) స్క్వాడ్రన్ల ఆపరేషన్స్ రికార్డ్ బుక్కులు అక్కడ ‘ఎయిర్ 27’ అనే వరుసలో ఉంటాయి. స్కాన్ చేసిన ప్రతులను భవనంలోని కంప్యూటర్లలో ఉచితంగా చూడవచ్చు. ఫారం 540లో స్క్వాడ్రన్ దినచర్య సంగ్రహంగా ఉంటుంది; ఏ విమానం, ఎవరెవరు, ఎప్పుడు లేచారు, ఎప్పుడు దిగారు అనేవి ఫారం 541లో ఉంటాయి. కొత్తగా వెతికేవారికి నేను చెప్పేది ఒక్కటే: 541తో మొదలుపెట్టండి.

1943 మే 16 రాత్రి ఆనకట్టల మీదికి గిబ్సన్ నడిపిన 617 స్క్వాడ్రన్ నుంచి బయలుదేరిన 19 లాంకాస్టర్ బాంబర్ విమానాలు, 133 మంది మనుషులు అందులో వరుసగా కనిపిస్తారు. తిరిగి రానివి 8 విమానాలు. చనిపోయినవారు 53 మంది. మ్యోనే, ఎడర్ ఆనకట్టలు తెగాయి, గిబ్సన్‌కు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ వరదలో కొట్టుకుపోయిన వెయ్యిమందికి పైగా జనం మాత్రం ఈ పుస్తకాల్లో ఉండరు. వారిలో చాలామంది, జర్మనీ బలవంతంగా తెచ్చి పనిచేయించుకున్న విదేశీ కూలీలు. వారి సంగతి వేరే చోట వెతికి నా వ్యాసంలో చేర్చాను. అది లేకుండా ఈ కథ చెప్పడం న్యాయం కాదనిపించింది.

అసలు చిక్కు అతని మరణం దగ్గర వచ్చింది. అప్పటికి గిబ్సన్ ఏ స్క్వాడ్రన్‌కూ అధిపతి కాడు, ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీ వైమానిక స్థావరంలో స్టాఫ్ అధికారి. కాబట్టి 617 పుస్తకంలో ఆ రాత్రిని వెతకడం వృథా. అతను ఎక్కిన కె.బి.267 అనే మస్కిటో (ఇద్దరు కూర్చునే తేలికపాటి బాంబర్ విమానం) 627 స్క్వాడ్రన్‌ది, చూడవలసింది దాని పుస్తకం. మొన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్, రైట్ అనే జర్మన్ పట్టణాలపై దాడికి మాస్టర్ బాంబర్‌గా, అంటే మిగతా బాంబర్లకు పైనుంచి దారిచూపే నాయకుడిగా, నావిగేటర్ జిమ్ వారిక్‌తో కలిసి వెళ్లాడు. మస్కిటో మీద ఇద్దరికీ అనుభవం తక్కువ.

తరువాత స్టీన్‌బర్గెన్‌కు వెళ్లాను. ఆ ఊరికి రైలు లేదు, పక్క ఊళ్ల నుంచి బస్సులో వెళ్లాలి. గిబ్సన్, వారిక్‌ల పేర్లతో అక్కడ వీధులున్నాయి. ఇద్దరి సమాధులూ కాథలిక్ శ్మశానంలో పక్కపక్కనే ఉన్నాయి. కూలిన విమానంలో మిగిలినది ఎంత తక్కువంటే, వారిక్‌ను గుర్తింపు బిళ్లతోనూ, గిబ్సన్‌ను మేజోడు మీది చాకలి గుర్తుతోనూ పోల్చుకున్నారని చెబుతారు.

విమానం ఎందుకు కూలిందన్న దానికి మూడు వాదాలున్నాయి. ఇంధనం ఒక ట్యాంకు నుంచి మరోదానికి మార్చడంలో పొరపాటు జరిగిందన్నది ఒకటి. ఆ మీటలు పైలట్ సీటు వెనక ఉంటాయి గనుక నావిగేటర్ తిప్పాలి. నేల మీది నుంచి శత్రువు కాల్చాడన్నది రెండోది. తమ పక్షపు లాంకాస్టర్‌లోని గన్నరే అది జర్మన్ విమానమనుకొని కాల్చి ఉండవచ్చన్నది మూడోది. ఒక గన్నర్ యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు తానే కాల్చానేమోనని చెప్పి రికార్డు చేయించాడు. ఇంజన్ల చప్పుడు తడబడి ఆగిందన్న ఊరివాళ్ల సాక్ష్యం మొదటి వాదానికి కొంత బలమిస్తుంది గాని, తేల్చదు. అందుకే నా వ్యాసంలో కారణం నిర్ధారణ కాలేదనే రాశాను. ఆ కింద మూడు వాదాలనూ, ప్రతిదానికీ ఆధారమేమిటో, ఆ సాక్ష్యం ఎప్పటిదో చెబుతూ విడివిడిగా ఇచ్చాను.