తోరణం నీడ కొలిచిన రోజు

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సోషల్ సార్ కాకతీయుల పాఠాన్ని పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టారు. "ఆదివారం కోటకు పోతున్నం. సద్ది కట్టుకొని రాండ్రి. ఒక మీటరు కర్ర, పొడుగు తాడు ఎవలన్న పట్టుకొని రావాలె" అన్నారు. మేమంతా పిక్నిక్ అనుకున్నాం. మా అమ్మ పులిహోర కలిపిచ్చింది.

ఖిలా వరంగల్‌లో స్వయంభూ ఆలయం ఉన్న చోటికి తీసుకెళ్లి, చుట్టూ నాలుగు దిక్కులా నిలబడ్డ కీర్తి తోరణాలు చూపించారు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయింది, గుడి నేలమట్టమైంది, తోరణాలు మాత్రం మిగిలాయి. అంతవరకే చెప్పి, "ఇగ ఎక్కకుండ దీని ఎత్తెంతనో చెప్పుండ్రి" అన్నారు.

లెక్కల పీరియడ్‌లో నేర్చుకున్న నిష్పత్తి అక్కడ పనికొచ్చింది. కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవాలి, తర్వాత తోరణం నీడ కొలవాలి. రెండు గుంపులుగా విడిపోయాం. మాకొచ్చిన ఎత్తు రెండో గుంపుకొచ్చిన దానికంటే చాలా తక్కువ. మాది తప్పా, వాళ్లది తప్పా అని గొడవ పడ్డాం. సార్ ఎవరిదీ తప్పనలేదు. "ఏ నీడ ఎన్ని గంటలకు కొలిసిండ్రు?" అని మాత్రం అడిగారు. అప్పుడు తెలిసింది. మేము పదింటికి కర్ర నీడ కొలిచి, సద్ది తిని, పదకొండు దాటాక తోరణం నీడ కొలిచాం. ఎండ నెత్తికెక్కేకొద్దీ నీడ పొట్టిదైంది. వాళ్లు రెండూ ఒకేసారి కొలిచారు. సాక్ష్యం ఎప్పటిదో, ఎలా దొరికిందో అడగకుండా దేన్నీ నమ్మకూడదని నాకు ఆ రోజే పట్టుబడింది. ఇప్పటికీ ఏ పాత కథ విన్నా నేను మొదట అడిగేది అదే.

అక్కడే ఓ రాతి మీద ఎవరో మొలతో గీసిన పేర్లు కనిపించాయి. సార్‌కు అంత కోపం రావడం మేము అంతకుముందు చూడలేదు. "కండ్లతోటి చూడుండ్రి, కాయితం మీద బొమ్మ గీసుకోండ్రి. రాయిని మాత్రం గీకొద్దు" అన్నారు. తోరణం మీది హంసలను, తామర మొగ్గలను అందరం నోటు బుక్కుల్లో దింపుకున్నాం.

ఆ మర్నాడు బడిలో శాసనాల పని. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం గురించి చెప్పారు. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాక్కునేవాళ్లట. ఆయన మాత్రం సుంకమే తీసుకుంటానని వర్తకులకు మాటిచ్చాడు. "మీరైతే ఎవలికి అభయం ఇస్తరు?" అని అడిగారు సార్. నల్లరేగడి మట్టిని పలకలుగా చేసి, మొలతో తలా ఒక శాసనం చెక్కాం. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఎండలో నిలబెట్టరాదని నేను రాశాను. 'భ' దగ్గర మట్టి పెళ్లలు లేచిపోయి మూడుసార్లు చదును చేయాల్సి వచ్చింది. రాతి మీద ఉలితో చెక్కినవాళ్లకు ఆ వీలు లేదు కదా అనిపించింది.

పలకలు ఎండాక తడి కాగితం పరిచి, బ్రష్‌తో మెల్లగా కొట్టి, కాగితం అక్షరాల గుంతల్లోకి దిగాక పైన మసి అద్దాం. అచ్చు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుందనుకున్నాం. మసి పైనుంచి అద్దుతాం కాబట్టి నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు సరిగ్గానే వచ్చాయి. శాసనాల నకళ్లు తీసే పద్ధతి ఇదేనని సార్ చెప్పారు.

1213 నాటి రామప్ప గుడికి వెళ్లే ముందు కూడా ఇలాగే. మడమలు రుద్దుకునే రాయినీ, మామూలు ఇటుక ముక్కనూ బకెట్ నీళ్లలో వేయించారు. ఇటుక మునిగింది, బొరియల రాయి తేలింది. ఆ గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు ఎందుకు వాడారో మేమే చెప్పగలిగాం. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిందని టీవీలో చూసినప్పుడు నాకు ముందు ఆ బకెట్టే గుర్తొచ్చింది.

ఈసారి పూర్వ విద్యార్థులమంతా కలిసే రోజు ఉపన్యాసాలు ఒక గంట తగ్గించుకుని, ఇప్పుడు మన బడిలో చదువుతున్న తొమ్మిదో తరగతి పిల్లలను కోటకు తీసుకెళ్దాం. కర్ర, తాడు నేను తెస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకల్లా అక్కడుండాలి, నీడ పొడుగ్గా ఉన్నప్పుడే.