బోర్డు లేని బాట

స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోలో ఉండే మా తమ్ముడిది ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "అన్నయ్యా, ఒక్కసారి ట్వీడ్ వ్యాలీకి రా. అడవిలో తొక్కితే గానీ నీకు సైకిలు వచ్చో రాదో తెలియదు." ఏడేళ్లుగా మౌంటెన్ బైక్ తొక్కుతున్నవాణ్ణి పట్టుకుని అనాల్సిన మాటేనా అది? ఆ ఉక్రోషంతోనే సెప్టెంబరులో వారం సెలవు పెట్టి వెళ్లాను.

మొత్తం ముగ్గురం. వాడు ఎంత నిటారు దారైనా ఈల వేసుకుంటూ దిగే రకం. మా మరదలు మౌంటెన్ బైక్ ఎక్కి రెండు నెలలే. నేను ఆ ఇద్దరికీ నడుమ, వాడి వైపే కాస్త దగ్గరగా ఉన్నానని నా లెక్క.

పీబుల్స్ ఊరు దాటగానే ఎడమ పక్కన గ్లెన్‌ట్రెస్ అడవి. 2023 ఆగస్టులో మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్ క్రాస్‌కంట్రీ పోటీ ఇక్కడే జరిగింది. మగవాళ్లలో టామ్ పిడ్‌కాక్ గెలిచాడు. బ్రిటన్‌లో ఇలాంటి దారుల కష్టాన్ని రంగుల్లో చెప్తారు. ఆకుపచ్చ తేలిక, నీలం ఓ మోస్తరు, ఎరుపు కష్టం, నలుపు మరీ కష్టం. దారి పొడుగునా ఆ రంగు బాణాలే. ఇక్కడ తప్పిపోవాలన్నా కాస్త శ్రమపడాలి.

పొద్దున ఆకుపచ్చ దారిలో ముగ్గురం కలిసే తిరిగాం. తర్వాత నీలం. మలుపుల దగ్గర బయటి అంచున మట్టిని గట్టులా ఎత్తి కట్టారు. దాన్ని బెర్మ్ అంటారు. ఆ గట్టు మీదికి చక్రం ఎక్కిస్తే మలుపు దానంతటదే తిరుగుతుంది. తమ్ముడు వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు: "పెడళ్లు సమంగా పెట్టు! మడమలు కిందికి! బ్రేకు మీద ఒక్క వేలు చాలు! చక్రాన్ని కాదు, మలుపు చివర చూడు!" ఆమె మూడో బెర్మ్ దగ్గర దిగిపోయి, సైకిలు పక్కన పెట్టి, మలుపంతా ఒకసారి నడిచి చూసుకుని, వెనక్కి వెళ్లి మళ్లీ తొక్కింది. "ఇలా నడుచుకుంటూ పోతే చీకటి పడుతుంది" అన్నాను నవ్వుతూ. "పడనివ్వండి బావగారూ" అంది.

మధ్యాహ్నం నేనూ వాడూ ఎరుపు దారి ఎక్కాం. అందులో స్పూకీ వుడ్ అని ఒక దిగుడు ఉంది. దిబ్బ మీంచి ఎగరడం, మలుపు, మళ్లీ దిబ్బ. ఎంత బాగా దిగానో! ఆ రాత్రి ఎరుపు దారి గురించి కాస్త ఎక్కువే మాట్లాడాను. వాడు అంతా విని, "రేపు బోర్డు లేని బాటకి పోదాం" అన్నాడు.

అది ఎక్కడుందో రాయనని వాడికి మాటిచ్చాను. నలుగురికీ తెలిస్తే రద్దీ పెరుగుతుంది, మెత్తటి నేల కోసుకుపోతుంది అని వాడి బాధ. అదే లోయలో, ఇంకో కొండ వాలు మీద అనుకోండి. మరి ఇష్టం వచ్చిన అడవిలోకి సైకిళ్లతో దూరొచ్చా? స్కాట్లండ్‌లో దూరొచ్చు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం ఎవరికీ హాని చేయకుండా, ఒద్దికగా పోతే చాలావరకు నేల మీద నడవడానికీ తొక్కడానికీ అందరికీ హక్కుంది. చెట్లు కొడుతున్న చోట రావద్దని బోర్డు ఉంటే మాత్రం ఆగాలి. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో ఇంత స్వేచ్ఛ లేదు. అక్కడి గుర్రపు బాటల్లో సైకిలు తొక్కే హక్కు 1968 చట్టంతో గానీ రాలేదు, కాలిబాటల్లో ఇప్పటికీ ఆ హక్కు లేదు.

రాత్రంతా వాన. పైదాకా లారీలు తిరిగే కంకర రోడ్డు మీద తొక్కి, చెట్లలోకి మళ్లాం. లోపల పట్టపగలే మసక చీకటి. అన్నీ సిట్కా స్ప్రూస్ అనే సూదాకుల చెట్లే. ఈ చెట్టు అక్కడిది కాదు. ఉత్తర అమెరికా పడమటి తీరం నుంచి 1831లో డేవిడ్ డగ్లస్ అనే వృక్షశాస్త్రవేత్త దీని విత్తనాలు బ్రిటన్‌కి పంపాడు. తడి నేలలో దీని వేళ్లు లోతుకి దిగవు, పైపైనే చుట్టూ పాకుతాయి. అందుకే పెద్ద గాలికి చెట్టుకి చెట్టే, కింద మట్టి పళ్లెంతో సహా లేచిపోతుంది. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫానుకి దక్షిణ స్కాట్లండ్‌లో ఇలా ఎన్ని చెట్లు కూలాయో, ఒరిగిన మానులు ఇంకా అక్కడక్కడా కనబడుతూనే ఉన్నాయి. అవే వేళ్లు మన చక్రాల కింద కూడా ఉంటాయి. పైన ఆకుల సూదులు రాలి చేరిన నల్లటి మెత్తటి పొర, దాని మీద పాముల్లా అడ్డదిడ్డంగా వేళ్లు. తొక్కీ తొక్కీ బెరడు ఊడిపోయి, నీళ్లు తాగి, సబ్బు రాసినట్టు మెరుస్తున్నాయి.

తమ్ముడు ఆగి టైర్లలో గాలి కొంచెం తీయించాడు. "వేరు ఎదురైతే దాని మీద బ్రేకు పట్టకు, తిప్పకు. ముందే వేగం తగ్గించుకుని, అడ్డంగా కోస్తూ దాటెయ్" అని చెప్పి సీటు కిందికి దించి వెళ్లిపోయాడు. మెత్తటి చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

మొదటి వంద మీటర్లు బాగానే పోయాను. తర్వాత బాట కొండ వాలుకి అడ్డంగా తిరిగింది. అక్కడ గట్టు లేదు. నేలే బయటికి, లోయ వైపుకి వాలి ఉంది. ఆ వాలులోనే ఒక వేరు, నా చెయ్యంత లావుది, బాటతో పాటే ఏటవాలుగా పడుకుని ఉంది. దాన్ని చూశాను. చూసి, భయపడి, ముందు బ్రేకు నొక్కాను. చక్రం వేరు పొడవునా జారిన ఆ క్షణం ఇప్పటికీ చేతుల్లో ఉంది. హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైపోయింది, ఎవరో కింద నేల లాగేసినట్టు. మరుక్షణం కుడి తుంటి మీద నాచులో కూర్చుని ఉన్నాను.

నిన్న స్పూకీ వుడ్‌లో దిగింది నేనే అనుకున్నాను గానీ, సగం పని ఆ దారి కట్టినవాళ్లు చేసిపెట్టారు. నీళ్లు పక్కకి పోయేలా వాలు, గట్టిగా దట్టించిన రాళ్లు, మలుపుకో గట్టు. వాన పడ్డా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం నిన్న నీలం అనిపించేది ఈ రోజు నలుపు.

పదిహేను నిమిషాలకి మరదలు వచ్చింది, నడుచుకుంటూ, సైకిలు పక్కన తోసుకుంటూ. నన్ను చూసి కంగారుపడి, దెబ్బ తగల్లేదని తెలిశాక ఆ వేరుని కాసేపు పరీక్షగా చూసింది. పైకి వెళ్లింది. వేరు మొదలయ్యే చోటికి కాస్త ముందే, ఎగువ అంచున వచ్చి, బ్రేకు వదిలేసి, ఒక్క కుదుపుతో దాటేసింది. ఆ తర్వాతి దానికి మళ్లీ దిగి నడిచింది. ఆమెకి సిగ్గేమీ లేదు. నాకు చాలా ఉంది, గొడవంతా అదే.

నా సైకిలు సంగతి వేరే. బ్రేకు లీవరు పక్కకి తిరిగిపోయింది, విరగలేదు. పడ్డప్పుడు తిరిగేలా దాన్ని కాస్త వదులుగానే బిగిస్తారు. కానీ వెనక గేరు లోపలికి వంగింది. చట్రానికీ గేరుకీ మధ్య హ్యాంగర్ అని చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది. దెబ్బ తగిలితే ఖరీదైనవి పోకుండా ముందు అది వంగాలని మెత్తగా చేస్తారు. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం. తమ్ముడి సంచిలో ఉన్నది నా అద్దె సైకిలుకి సరిపోలేదు. వాడు గేరుని రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున వెనక్కి వంచాడు. "పెద్ద పళ్లచక్రం మీదికి మాత్రం మార్చకు అన్నయ్యా, గేరు వెళ్లి పుల్లల్లో పడుతుంది" అన్నాడు. కిందిదాకా నడిమి గేరులోనే వచ్చాను, సగం దూరం నడిచి. మరదలు ముందు, నేను వెనక.

సాయంత్రం అద్దె సైకిలు తిరిగిస్తుంటే, కౌంటర్లో కుర్రాడు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి గేరు వంక చూశాడు.

"రాయా, వేరా?" అని అడిగాడు.

"వేరు" అన్నాను.

"తడిదేనా?"

తలూపాను. వాడు డ్రాయరు లాగి కొత్త హ్యాంగర్ వెతకడం మొదలుపెట్టాడు.