కాయింతాలో చెనక్కాయల వాసన

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో మొదటి రెండు రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎండ, ట్రాఫిక్, మాల్స్. ఒక మాల్‌లో కరె-కరె అనే కూర గిన్నెకు 620 పెసోలు తీసుకున్నారు. మన డబ్బుల్లో తొమ్మిది వందలకు పైనే. ఉప్పూ కారమూ లేని జిగురు పులుసు. పక్కన పెట్టిన రొయ్యల ముద్ద వాసనకే దూరం జరిపాను. పేరు విని మన కూరకు చుట్టమేమో అని ఆశపడ్డందుకు ఒళ్లు మండింది.

"నాయనా, కరె-కరె తినాలంటే ఈ పక్కనే ఉండే కాయింతా ఊరికి పో. అక్కడ మద్రాసు సిపాయిలు ఉండిపోయినారంట" అంది మా అమ్మాయి. ఇక్కడే మెడిసిన్ చదువుతోంది.

1762లో ఇంగ్లిషువాళ్లు మద్రాసు నుంచి ఓడల్లో వెళ్లి, స్పెయిన్ చేతిలో ఉన్న మనీలాను పట్టుకున్నారు. 1764లో వాళ్లు వెనక్కి వెళ్లిపోయినా, వెంట తెచ్చిన సిపాయిల్లో కొందరు పోలేదు. కాయింతాలో ఇక్కడి ఆడపిల్లల్ని పెళ్లాడి స్థిరపడ్డారు. ఇంటి కూర మీద బెంగతో, దొరికిన సరుకుతో వాళ్లు వండుకున్నదే కరె-కరె అని ఒక కథ. కాదు, వంటకు పేరుపడ్డ పంపాంగ అనే ప్రాంతం వాళ్లదే అని ఇంకొందరు. నాకు మాత్రం సిపాయిల కథే మనసుకు పట్టింది.

మర్నాడు అమ్మాయి క్లాసుకు పోతే నేను జీప్నీ ఎక్కాను, అంటే పొడుగాటి జీపులాంటి ఇక్కడి చిన్న బస్సు. ఎదురెదురు బల్లల మీద మోకాళ్లు తగులుతూ కూర్చోవాలి. మామూలుగా కండక్టర్ ఉండడు. "బయద్ పో", అంటే ఇదిగో డబ్బు అని పక్కవాళ్ల చేతిలో డబ్బు పెడితే, చేతులు మారి డ్రైవర్ దాకా పోతుంది. నా వంద నోటు ఐదు చేతులు దాటింది, చిల్లర అవే చేతుల మీదుగా పైసాతో సహా వెనక్కి వచ్చింది. ఆ ఐదుగురికీ దండం పెట్టాలనిపించింది.

కాయింతాలో చర్చి దాటాక ఒక చిన్న కరిందేరియా, అంటే మన మెస్సులాంటిది. గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి, కావలసింది వేలితో చూపించాలి. వడ్డించే ఆమె నన్ను "కుయా" అంది. అన్నా అని. కరె-కరెలో మామూలుగా ఎద్దు తోక వేస్తారు. నేను తిననంటే రొయ్యలతో చేసింది చూపించింది. వంకాయ, అరటిపువ్వు, అలసంద కాయలు, జాఫ్రా గింజల ఎర్రటి రంగు.

అప్పుడే వెనక నుంచి వాసన వచ్చింది. తొంగి చూస్తే ఒక కుర్రాడు వేయించిన చెనక్కాయల్ని అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదుతున్నాడు. అనంతపురంలో ఊరిబిండి నూరే ముందు మా అమ్మ చేసేది సరిగ్గా ఇదే. పులుసు చిక్కబడడానికి మనం బియ్యప్పిండి కలిపినట్టే, వాళ్లు బియ్యం వేయించి పొడి చేసి కలుపుతారు. చెనక్కాయ, జాఫ్రా రెండూ స్పెయిన్ ఓడల్లో మెక్సికో నుంచి ఇక్కడికి వచ్చినవే. ఆ ఓడలు 1565 నుంచి 1815 దాకా అకపుల్కో, మనీలా మధ్య తిరిగాయి. మన చెనక్కాయ, మిరపకాయ పుట్టిందీ అమెరికా ఖండాల్లోనే. మనం రెండింటినీ ఇంట్లోకి తెచ్చుకున్నాం, ఈ కూరలోకి మాత్రం మిరప రాలేదు.

మొదటి ముద్దకు నా ముఖం చూసి ఆమె బగూంగ్ గిన్నె ముందుకు జరిపింది. మాల్‌లో నేను దూరం పెట్టిన ఆ ఊరబెట్టిన రొయ్యల ముద్దే. ఉప్పంతా అందులోనే ఉంది. ప్రతి ముద్దకూ కాస్త నంజుకోవాలి. నంజుకున్నాను. కారం తీసేసిన గుత్తి వంకాయ కూర తిన్నట్టే ఉంది. అన్నంతో కలిపి 110 పెసోలు.

ఒక పార్సిల్ కట్టించుకున్నాను. సాయంత్రం గదిలో అమ్మాయి పార్సిల్ విప్పి, పెట్టెలోంచి అవ్వ పంపిన చెనక్కాయల పొడి తీసింది. ఎర్రగా, ఎండుమిరపకాయలు దండిగా పడ్డ పొడి. ఆ కూర మీద రెండు చెంచాలు చల్లి కలిపింది.

"అవ్వకు ఫోన్ చెయ్ నాయనా" అంటూ మళ్లీ అన్నం పెట్టుకుంది.