నిమ్మతోటకి చైను బండి ఎందుకు వద్దనుకున్నానంటే

వరి కోసే చైన్ మిషన్ బురదలో ఎంత తేలిగ్గా పోతుందో చూశాక, తోటలోకీ టైర్లకి బదులు చైను మీద నడిచే ట్రాక్టరే కావాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. మాది గూడూరు వైపు నిమ్మతోట. కార్తీక మాసం వానలకి నేల నానుతుంది. తక్కిన రోజుల్లో ముళ్లు ముందు టైర్లని బతకనివ్వవు.

ముందు టేపు పట్టి కొలిచాను. 6 మీటర్ల ఎడంలో నాటిన చెట్లు అటూ ఇటూ 2 మీటర్లు గొడుగు పడితే మధ్యలో మిగిలేది 2 మీటర్లే. బండి 4 అడుగులు దాటకూడదని తేల్చుకున్నాను.

పాత చైను ట్రాక్టరుకి ఇంజను చూసి మురిసిపోకూడదు, కాళ్లు చూడాలి. చైనుని తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, దాని పళ్లు కొక్కెంలా ఒక పక్కకి వంగి మొన తేలాయంటే చైను సాగిందని అర్థం. పిన్నులు, బుష్షులు అరిగి లింకుల ఎడం పెరుగుతుంది, ఆ ఎడం పళ్లకి కుదరక వాటిని కోసేస్తుంది. అలాంటి స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే అదీ తొందరగానే పోతుంది. టైటు చేసే అడ్జస్టరు చివరిదాకా వచ్చేసి ఉన్నా అదే జబ్బు. చైను మీద దొర్లే చిన్న చక్రాలు, అంటే రోలర్ల దగ్గర నూనె కారిన మరక ఉంటే సీలు పోయినట్టే. ఒక్కో పక్క లివరు లాగి చూడండి: బండి తిరగకుండా నేరుగా పోతుంటే, చాలాకాలం నిలబడి, ఆ పక్క చైనుకి ఇంజను పట్టు వదిలించే స్టీరింగ్ క్లచ్ ప్లేట్లు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. రబ్బరు చైనుకైతే పైన గాట్లు వెతకాలి. గాటు లోపలి ఉక్కు తీగల దాకా దిగితే నీరు చేరి తుప్పు పడుతుంది. పైన రబ్బరు గుబ్బలు బాగానే కనిపిస్తాయి, చైను మాత్రం ఓ రోజు తెగిపోతుంది.

ఇవన్నీ బాగున్నా నేను వెనక్కి తగ్గింది మలుపు దగ్గర. చైను బండి తిరిగేటప్పుడు నేలని చీలుస్తుంది. నిమ్మకి నీరు, పోషకాలు పీల్చే మేత వేర్లు చాలావరకు పైపొరలోనే ఉంటాయి, వాటికి గాయమైన చోట బంక తెగులు సులువుగా పట్టుకుంటుంది. డ్రిప్పు పైపుల సంగతి సరేసరి. ఇక ఇనుప చైనుతో ఊళ్లో సిమెంటు రోడ్డెక్కితే జనం ఊరుకోరు, ప్రతిసారీ ట్రాలీ మీద ఎక్కించాల్సిందే.

చివరికి 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలూ లాగే) మినీ ట్రాక్టరు, మట్టిని తిరగేసి పొడి చేసే 4 అడుగుల రోటావేటరు తీసుకున్నాను. సైలెన్సరు కిందికి ఉన్నదే అడిగాను. నిలువు గొట్టం ప్రతి కొమ్మకీ తగులుతుంది, వేడికి ఆకు మాడుతుంది. రోటావేటరు తగిలించి తడి మడిలోనే నడిపించి చూశాను, షోరూం ముందు గచ్చు మీద తిప్పితే ఏమీ తెలియదు. ముళ్లకి ట్యూబుల్లో పంక్చర్ లిక్విడ్ పోయించాను.

టైర్లు మార్చేటప్పుడు మాత్రం కంపెనీ చెప్పిన సైజే వేయాలి. ముందు చక్రాలు వెనకవాటి కంటే కాస్త వేగంగా తిరిగేలా గేర్లు కట్టి ఉంటాయి, సైజు మారితే ఆ లెక్క తప్పి ముందు యాక్సిల్ మీద ఒత్తిడి పడుతుంది. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ లివరు వేసి ఉంచినా అంతే, తోట గేటు దాటగానే తీసేయాలి.