హైదరాబాద్ ఒక్కటే, లెక్కలు మాత్రం రెండు

మూడు రాత్రుల తర్వాత దొరికింది దొంగ. ఇంతా చేస్తే దాని వెడల్పు సున్నా!

నాన్న పాత ఖర్చుల డైరీలు టైపు చేస్తున్నాను. కొన్ని నేను లాప్‌టాప్‌లో కొట్టాను, కొన్ని తమ్ముడు ఫోన్‌లో కొట్టి పంపాడు. అంతా కలిపి ఒకే టెక్స్ట్ ఫైలు, 11,400 లైన్లు. ఎడిటర్ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. బరువైన ఎడిటర్లు నాకు పడవు. ఫాంట్ గౌతమి. నిర్మలా అందంగానే ఉంటుంది కానీ వత్తుల దగ్గర నా కళ్లకు గౌతమే హాయి.

పోయిన వారం పెట్టుకున్న పని చిన్నదే. సెలెక్ట్ చేసిన మాటను ఒక్క మీటతో వెతకాలి. కంట్రోల్ ఎఫ్3 ఆ పని చేస్తుంది కానీ, నా లాప్‌టాప్‌లో ఎఫ్3 కావాలంటే ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాలి. ఎడిటర్లో మీటలు మార్చుకునే షార్ట్‌కట్ మ్యాపర్‌లో దాన్ని కంట్రోల్ సెమీకోలన్‌కి మార్చాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. "హైదరాబాద్" మీద డబుల్ క్లిక్ చేసి, ఫైల్లో ఎన్నిసార్లుందో చెప్పే కౌంట్ కొడితే 212. అదే మాటను మౌస్‌తో లాగి సెలెక్ట్ చేసి కౌంట్ కొడితే 87. అదే లైను, అదే మాట. స్క్రీన్ మీద అక్షరం తేడా లేదు.

ముందు స్పేస్ అనుకున్నా. చివర ఖాళీ ఏమన్నా అంటుకుందేమోనని జూమ్ చేసి చూసి మళ్లీ లాగాను. మళ్లీ 87. మ్యాచ్ కేస్ టిక్ కూడా తీసి చూశాను. ఇంగ్లీషులోలా పెద్దబడి, చిన్నబడి అక్షరాలు తెలుగులో ఎక్కడివి? అయినా టెన్షన్‌లో అదీ చేశాను. తర్వాత "హై" మీద అనుమానం వచ్చింది. ఐత్వాన్ని, కంప్యూటర్లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు కలిపి రెండుగానూ రాయొచ్చు. తమ్ముడి ఫోన్ రెండుగా పంపుతోందేమోనని ఒక్క "హై" సెలెక్ట్ చేసి చూశాను. నా లైన్లోనూ వాడి లైన్లోనూ గుర్తుల లెక్క 2 అనే చూపించింది. అంటే హ ఒకటి, ఐత్వం ఒకటి. అదీ కాదు.

ఆ 2 చూసింది కింద స్టేటస్ బార్‌లో. అప్పుడు వెలిగింది. మొత్తం మాటకు అదే చేశాను. డబుల్ క్లిక్ చేస్తే 9, లాగితే 10. వేళ్ల మీద లెక్కపెట్టాను: హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. తొమ్మిదే. మరి పదోది?

వ్యూ మెనూలో షో సింబల్ కింద నాన్ ప్రింటింగ్ క్యారెక్టర్స్ ఆన్ చేయగానే బయటపడింది. పొల్లు పక్కనే బుల్లి డబ్బా, మామూలుగా కంటికి కనిపించని గుర్తు: జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్ నంబరు 200సి. "హైదరాబాద్‌లో" అన్నప్పుడు "లో" పోయి ద కింద వత్తు కాకుండా ఆపేది ఇదే. మాట మధ్యలో అది ఉండాల్సిందే. తమ్ముడి ఫోన్ కీబోర్డు మాత్రం పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా ఒకటి తగిలిస్తోంది. ఇక డబుల్ క్లిక్ సంగతి. ఎడిటర్ ఈ గుర్తును ఖాళీ కిందే లెక్కేసి అక్కడే మాటను తెంపేస్తుంది. లాగితే మాత్రం ఆ గుర్తూ కలిసి వస్తుంది, కాబట్టి అది ఉన్న 87 చోట్లే దొరికాయి. డబుల్ క్లిక్ దాన్ని వదిలేస్తుంది. అందుకే "హైదరాబాద్‌లో" మీద డబుల్ క్లిక్ చేసినా "హైదరాబాద్" వరకే వస్తుంది.

ఉన్నవన్నీ తీసేద్దామా అంటే "లో"లన్నీ వత్తులైపోతాయి. కాబట్టి ఫైలు ముట్టుకోకుండా వెతుకులాటనే మార్చాను. ఎడిటర్లో సొంత ప్రోగ్రాములు రాసుకోనిచ్చే పైథాన్ స్క్రిప్ట్ ప్లగిన్‌లో పది లైన్లు: సెలెక్ట్ చేసిన మాటలోంచి 200సి తీసేయ్, ప్రతి పొల్లు తర్వాత "200సి ఉన్నా సరే, లేకున్నా సరే" అనే రెగెక్స్ (వెతికే నమూనా) ముక్క పెట్టు, తర్వాతి చోటికి వెళ్లు. దీనికి కంట్రోల్ షిఫ్ట్ సెమీకోలన్ ఇచ్చాను. ప్లగిన్ సెట్టింగ్స్‌లో స్క్రిప్టును మెనూలోకి చేర్చి, ఎడిటర్ మూసి తెరిస్తే గానీ అది షార్ట్‌కట్ మ్యాపర్‌లో కనిపించదు. అరగంట దానికే పోయింది.

మొదటిసారి నొక్కితే సరైన చోటికే వెళ్లింది కానీ "హైద" వరకే సెలెక్ట్ అయింది. నవ్వొచ్చింది. ఎడిటర్ బైట్లలో (కంప్యూటర్ నిల్వ కొలతలో) లెక్కపెడుతుంది, నేనేమో 9 అక్షరాలని చెప్పాను. తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు, 9 బైట్లకు వచ్చేది మూడే. పొడవు నేను లెక్కకట్టడం మానేసి, దొరికిన చోటు మొదలూ చివరా రెగెక్స్ ఫలితం నుంచే తీసుకున్నాక కుదిరింది.

ఇప్పుడు ఎలా సెలెక్ట్ చేసినా 212. "హైదరాబాద్‌లో" మాత్రం చేత్తో లెక్కపెట్టినదానికి రెండు తగ్గింది. చూస్తే ఆ రెండు చోట్లా 200సి వరసగా రెండుసార్లు పడి ఉంది. రెగెక్స్‌లో ప్రశ్న గుర్తు (ఒకటి ఉన్నా, లేకున్నా) తీసి నక్షత్రం (ఎన్ని ఉన్నా, లేకున్నా) పెట్టాను, సరిపోయింది.

నిన్న రాత్రి నాన్నకు "హైదరాబాద్" వెతికి చూపించాను. కళ్లజోడు సర్దుకుని, "ఇందులో నా ఎనభై ఏడు డైరీ లేదేంట్రా?" అన్నారు. టైపు చేశాను, ఫైల్లో ఉంది. కాకపోతే ఆ ఏడాదంతా ఆయన రాసింది "హైదరాబాదు". అందులో పొల్లే లేదు. చివరి పొల్లు, ఉకారం రెండింటినీ ఒకటిగా చూసేలా ఇంకో ముక్క రాయాలి. బ్యాంక్, బ్యాంకు, బస్, బస్సు కూడా అందులోకే వస్తాయి. "బస్సు"లో స వత్తు ఎలా పట్టాలో ఇంకా తేలలేదు, ఆదివారం కూర్చుంటా.