గోడకు సరుకు లోపలినుంచే: అకాంతమీబా సిస్టు కట్టే తీరు

మట్టిలోనూ నీటిలోనూ స్వతంత్రంగా బతికే ఏకకణ జీవి అకాంతమీబాకు తిండి కరువైనా, చుట్టూ ఉప్పు పెరిగినా, తడి ఆరిపోతున్నా ఉపాయం ఒకటే. పాకడం మానేసి గుండ్రంగా ముడుచుకుంటుంది, ఒంట్లో నీరు తగ్గించుకుంటుంది, రెండు పొరల గోడ కట్టుకుని సిస్టుగా మారుతుంది. బయటి పొరలో ప్రోటీన్లు, పాలీశాకరైడ్లు ఉంటాయి. లోపలి పొరకు బలం సెల్యులోజ్. బయటినుంచి ఏమీ అందని వేళ ఇంత కట్టుబడికి సరుకు ఎక్కడిది? ఆటోఫేజీ, అంటే కణం తన భాగాలను తానే అరిగించుకోవడం, అన్నది సగం జవాబే.

ముందు ఆ సగం సంగతి. ఆకలి మొదలవగానే కణంలో ఒక పొర పుట్టి, మైటోకాండ్రియాలనూ సైటోప్లాజమ్ భాగాలనూ చుట్టేసి సంచిలా మూసుకుంటుంది. ఆ సంచి, కణంలో జీర్ణ ఎంజైములుండే గది అయిన లైసోజోమ్‌తో కలిస్తే లోపలున్నది అరిగిపోతుంది. పొర పెరగాలంటే ఏటీజీ8 అనే చిన్న ప్రోటీన్ దానికి అతుక్కోవాలి. ఏటీజీ4 దాని తోక కత్తిరిస్తుంది, ఏటీజీ7 దాన్ని సిద్ధం చేస్తుంది, ఏటీజీ3 తీసుకెళ్లి ఫాస్ఫాటిడైల్‌ఇథనోలమైన్ అనే కొవ్వుకు తగిలిస్తుంది. ఏటీజీ12, 5, 16 కలిసిన జట్టు ఆ తగిలింపుకు తోడ్పడుతుంది. సిస్టు కడుతున్న అకాంతమీబాలో ఇలాంటి సంచులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో 1969లోనే వర్ణించారు. నలభై ఏళ్ల తర్వాత ఏటీజీ8ను ఎస్ఐఆర్ఎన్ఏతో (జన్యువు పనిని అణచే చిన్న ఆర్ఎన్ఏ ముక్కతో) అణచి చూస్తే సిస్టు కట్టడమే దెబ్బతింది.

ఇక రెండో సగం. సెల్యులోజ్‌కు కావాల్సిన గ్లూకోజ్ ప్రధానంగా నిల్వ ఉన్న గ్లైకోజెన్ నుంచి వస్తుంది. దాన్ని విడగొట్టేది గ్లైకోజెన్ ఫాస్ఫోరైలేజ్ అనే ఎంజైము. అంటే ఇటుకల గోదాము వేరే. ఆటోఫేజీ చేసే పని, నిద్రలోకి వెళ్లే కణానికి అక్కర్లేని భాగాలను తొలగించడం, కొత్త ప్రోటీన్లకు అమైనో ఆమ్లాలు అందించడం. ఈ తేడా మరిచిపోతే ప్రయోగ ఫలితాలను తప్పుగా చదువుతాం.

సిస్టు కట్టించి చూసే ప్రయోగానికి 25 డిగ్రీల దగ్గర పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, గ్లూకోజ్ ద్రవంలో చురుగ్గా పెరుగుతున్న కణాలు తీసుకోవాలి. పాత ద్రవం జాడ లేకుండా రెండు మూడు సార్లు కడగాలి; పోషకాలు మిగిలితే మార్పు ఆలస్యమవుతుంది. తర్వాత 95 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 5 పొటాషియం క్లోరైడ్, 8 మెగ్నీషియం సల్ఫేట్, 0.4 కాల్షియం క్లోరైడ్, 1 సోడియం బైకార్బొనేట్, 20 ట్రిస్, పీహెచ్ 9.0 ఉన్న ద్రవంలో 72 గంటలు ఉంచాలి. లెక్కించే ముందు 0.5 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో పది నిమిషాలు ఉంచాలి. గోడ పూర్తికాని కణాలు పగిలిపోతాయి, పక్వమైన సిస్టులు నిలుస్తాయి. ఈ మెట్టు వదిలేసి గుండ్రంగా కనిపించిన ప్రతి కణాన్నీ సిస్టుగా లెక్కేస్తే అంకె ఉబ్బిపోతుంది. కాల్కోఫ్లోర్ వైట్ అనే రంగు వేస్తే గోడలోని సెల్యులోజ్ నీలంగా వెలుగుతుంది. ఏళ్ల తరబడి బాక్టీరియా లేని ద్రవంలో పెంచిన స్ట్రెయిన్లు సిస్టు కట్టే శక్తిని క్రమంగా కోల్పోతాయి. అందుకే తక్కువ పాసేజ్‌ల (కొత్త ద్రవంలోకి తక్కువసార్లు మార్చిన) నిల్వను ముందే గడ్డకట్టించి దాచుకోవాలి.

అసలు పొరపాటు జరిగేది ఆటోఫేజీని కొలిచేటప్పుడే. మైక్రోస్కోపులో సంచుల గుర్తుగా కనిపించే ఏటీజీ8 చుక్కలు పెరిగాయంటే ఆటోఫేజీ పెరిగిందని అర్థం కాదు. సంచులు ఎక్కువగా పుట్టినా చుక్కలు పెరుగుతాయి, పుట్టినవి అరగకుండా ఆగిపోయినా పెరుగుతాయి. లైసోజోమ్‌లో అరుగుదలను ఆపే బాఫిలోమైసిన్ ఏ1 కలిపిన గిన్నె ఒకటి, కలపనిది ఒకటి పక్కపక్కన పెట్టి తేడా చూస్తేనే ప్రవాహం, అంటే సంచులు పుట్టి అరిగే వేగం, తెలుస్తుంది. లైసోజోమ్‌లను చూపే రంగు లైసోట్రాకర్‌నూ ఒంటరిగా నమ్మకూడదు. ఆమ్లత్వం ఉన్న ప్రతి గదికీ అది రంగు పట్టిస్తుంది, అమీబా నిండా ఆహార రిక్తికలు ఉండనే ఉన్నాయి. ఆటోఫేజీని ఆపడానికి వాడే వోర్ట్‌మానిన్, 3-మిథైల్ అడినిన్ మందులు పీఐ3-కైనేజ్‌లనే ఎంజైములను ఆపుతాయి కాబట్టి మింగడం, లోపలి రవాణా కూడా చెడతాయి. అందుకే మందుతో వచ్చిన ఫలితాన్ని జన్యువును అణచి సరిచూడాలి. మందు దెబ్బకు కణాలు చచ్చిపోయినా సిస్టులు తగ్గినట్టే కనిపిస్తుంది. చచ్చిన కణాలకే పట్టే రంగు ట్రైపాన్ బ్లూతో బతికున్నవాటి శాతం విడిగా రాసుకోవాలి.

కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకు పట్టే అకాంతమీబా వ్యాధిలో చికిత్స నెలల తరబడి సాగడానికి పెద్ద కారణం మందులకు లొంగని ఈ సిస్టులే. సిస్టు కట్టనివ్వకుండా ఆపితే అమీబా మందుకు చిక్కుతుందన్న ఆలోచన నాకు బలంగానే అనిపిస్తుంది. చిక్కల్లా ఏటీజీ ప్రోటీన్లు మన కణాల్లోనూ ఉండటమే. ఆటోఫేజీని గంపగుత్తగా ఆపే మందు కార్నియా కణాలనూ వదలదు. అందుకే సిస్టు కట్టే దశలో ఆటోఫేజీ సంచుల్లోకి చేరే అమీబా సొంత సెరీన్ ప్రోటియేజ్ (ప్రోటీన్లను కత్తిరించే ఎంజైము) మీద గురిపెట్టడం మేలని నా అభిప్రాయం.